ప్రేమగా పెంచుకున్న మకావ్ ఇప్పుడు మమ్మల్నే కరుస్తోంది: ఏం చేయాలి?

ప్రశ్న: మియాపూర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నీలం, పసుపు రంగుల మకావ్ (పెద్ద జాతి చిలుక) ఒకటి ఉంది. ఒంటి మీద ఈకలు సరిగా రాని వయసులో తెచ్చుకుని, సిరంజితో జావ పట్టి పెంచిన పక్షి అది. ఇప్పుడు దానికి ఆరో ఏడు నడుస్తోంది. మొదటి నాలుగైదేళ్లు ఇంట్లో ఎవరు చేయి చాపినా ఎక్కి కూర్చునేది. మా అత్తగారి భుజం మీద చాలాసేపు కదలకుండా ఉండేది. మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటుంటే పక్కనే కూర్చుని పెన్సిళ్లు చీల్చేది. అప్పట్లో కొరకడం అంటే వేలిని ముక్కుతో పట్టుకుని వదిలేయడమే తప్ప గాటు పడిన సందర్భం లేదు.

సంక్రాంతి తర్వాత దాని తీరు మారిపోయింది. మా వారు దగ్గరికి వస్తే చాలు, మెడ చాచి మీదికి వెళుతోంది. ఇంకా బాధ కలిగించే విషయం ఏమిటంటే, అది నా చేతి మీద ఉన్నప్పుడు ఆయన గదిలోకి అడుగుపెడితే ఆయన్ని వదిలేసి నన్నే కరుస్తోంది. పోయిన వారం అలాగే నా చూపుడు వేలు గోటి పక్కన లోతుగా కరిచింది, కుట్లు వేయించుకోవలసి వచ్చింది. పంజరంలో గిన్నె మార్చడానికి చేయి పెట్టినా దూకుతోంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇప్పుడు ఆ హాల్లో కూర్చుని చదువుకోవడానికే భయపడుతోంది.

ఉపయోగపడతాయేమోనని మరికొన్ని వివరాలు రాస్తున్నాను. ఉదయం పొద్దుతిరుగుడు గింజలు, మధ్యాహ్నం మాతోపాటు వేడి వేడి పప్పన్నం, సాయంత్రం ఏదో ఒక పండు పెడతాము. పంజరం హాల్లోనే ఉంటుంది. రాత్రి పదకొండు దాకా టీవీ నడుస్తుంది. బీరువా కింది అర తెరిచి ఉంటే అందులో దూరి చీరల మధ్య కూర్చుంటుంది, బయటికి తీయబోతే బుస కొడుతుంది. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నుంచి తోక దాకా నిమరడం దానికి చాలా ఇష్టం.

మా మరిది రెక్కలు కత్తిరించమంటున్నాడు. జోడీ తెస్తే సర్దుకుంటుందని తెలిసినవారు ఒకరు అన్నారు. ఎవరికైనా ఇచ్చేయమని మా అత్తగారి అభిప్రాయం. కొట్టి లొంగదీయడం మాకు ఇష్టం లేదు, కానీ ఇలా ఎంతకాలం గడపాలో కూడా తెలియడం లేదు. పెద్ద చిలుకలను పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.

సమాధానం 1: విశాఖపట్నం

అమ్మా, ముందుగా మీ వేలు త్వరగా మానాలని కోరుకుంటున్నాను. మాది మకావ్‌లు, ఆఫ్రికన్ గ్రేలు (ఆఫ్రికా బూడిదరంగు చిలుకలు) ఉన్న ఇల్లు. మీరు చివర్లో ఉపయోగపడతాయేమోనని చేర్చిన వివరాల్లోనే నాకు జవాబులో సగానికి పైగా కనిపిస్తోంది. మీ పక్షి చెడిపోలేదు, మీ మీద పగ పెంచుకోలేదు. అది ఈడుకు వచ్చింది, మీ ఇంట్లో గూడు పెట్టుకుంది, మిమ్మల్ని జోడీగా ఎంచుకుంది. ఆ గూటినీ ఆ జోడీనీ కాపాడుకోవడానికి దాని దగ్గర ఉన్న ఒకే ఒక్క సాధనం ముక్కు.

ఈ జాతి పక్షులు దక్షిణ అమెరికా అడవుల్లో ఎండిపోయిన తాటి జాతి చెట్ల మోడుల్లో, తొర్రల్లో గుడ్లు పెడతాయి. లోపల చీకటిగా, మెత్తగా, ఒక పక్షి తిరగడానికి సరిపోయేంత ఇరుకుగా ఉండే చోటును అవి వెతుక్కుంటాయి. మీ బీరువా కింది అర, అందులోని చీరల మడతలు దానికి అచ్చంగా అలాంటి తొర్ర. జోడీ పక్షులు ఒకదానికొకటి తిన్నదాన్ని కక్కి నోటికి అందిస్తాయి. గోరువెచ్చని మెత్తని పప్పన్నం మీ చేత్తో తినిపించడం దానికి అదే సూచన ఇస్తుంది. వీపు, రెక్కల అడుగు, తోక మొదలు నిమరడం జోడీ పక్షి మాత్రమే చేసే పని. ఇక రాత్రి పదకొండు దాకా హాల్లో వెలుతురు ఉంటే, పగళ్లు పెరిగాయని, పిల్లలను కనే కాలం వచ్చిందని దాని ఒళ్లు నమ్ముతుంది. ఇన్ని సంకేతాలు రోజూ అందుతున్న పక్షి శాంతంగా ఉంటే ఆశ్చర్యపోవాలి కానీ, కరిస్తే ఆశ్చర్యం లేదు.

కాబట్టి శిక్షణ గురించి ఆలోచించే ముందు ఈ నాలుగూ మార్చండి. బీరువా, మంచం అడుగు, సోఫా వెనక సందు, అట్టపెట్టెలు ఏవీ దానికి అందనివ్వకండి. లోపల ఉన్నప్పుడు చేయి పెట్టి లాగకండి. అది బయటికి వచ్చి తింటున్న సమయంలో తలుపు మూసి తాళం వేయండి. నిమరడం తల, మెడ వరకే. ఇంట్లో అందరికీ ఇదే నియమం ఉండాలి. ఒకరు మానేసి మరొకరు కొనసాగిస్తే ఫలితం ఉండదు. రాత్రిపూట మొత్తం పన్నెండు గంటలపాటు చీకటి, నిశ్శబ్దం కావాలి. హాల్లో అది సాధ్యం కాదు కాబట్టి పడక కోసం వేరే గదిలో ఒక చిన్న పంజరం పెట్టి, సాయంత్రం ఏడు ఏడున్నరకల్లా అందులోకి మార్చడం మేలు. పప్పన్నం మానేసి, అదే పప్పుదినుసులను నానబెట్టి మొలకలుగా, చల్లగా పెట్టండి. ఈ మార్పుల ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

మీ వారు వచ్చినప్పుడు మిమ్మల్నే కరవడం గురించి మీరు బాధపడుతున్నారు. ఆయన దూరంగా ఉన్నారు, మీరు అందుబాటులో ఉన్నారు. రేగిన కోపం దగ్గరున్న దాని మీద పడుతుంది. జోడీని అక్కడి నుంచి తప్పించడానికి కూడా అలా కరుస్తుందని చాలాకాలంగా చిలుకలతో ఉన్నవారు చెబుతారు. కారణం ఏదైనా, పరిష్కారం ఒకటే: ఆయన వచ్చే వేళకు అది మీ చేతి మీద ఉండకూడదు, పక్షి కూర్చునే స్టాండు మీద ఉండాలి. భుజం మీద అసలే వద్దు. కిలోకు అటూ ఇటూ బరువుండి, గట్టి తాటికాయ జాతి పెంకులనే పగలగొట్టే ముక్కు మీ కంటికి, చెవికి అంత దగ్గరగా ఉన్నప్పుడు దాని ముఖం మీకు కనిపించదు, తప్పించుకునే వ్యవధి కూడా ఉండదు. అత్తగారికి ఇది నచ్చజెప్పడం కష్టమే అయినా తప్పనిసరి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే సంగతికి వస్తున్నాను. చెప్పకుండా కరిచిందని అందరూ అంటారు. మకావ్ చెప్పకుండా కరవదు, మనం చూడకముందే చెప్పేసి ఉంటుంది. మీ పక్షికి ఆరేళ్లు కాబట్టి కంటిచుట్టు లేత పసుపుకు తిరిగి ఉంటుంది. మధ్యలోని నల్లని కనుపాప చిన్నదవడం, పెద్దదవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కనుపాప గబగబా కుంచించుకుంటూ, విప్పారుతూ ఉంటే అది బాగా ఉద్రేకంలో ఉన్నట్టు. దానితోపాటు మెడ వెనక ఈకలు నిక్కడం, తోక విసనకర్రలా విచ్చుకోవడం, ఒళ్లు బిగుసుకుని ముందుకు వంగడం, ముక్కు కాస్త తెరుచుకోవడం కనిపిస్తే ఇక చేయి చాపకూడదు. వీటికంటే ముందు వచ్చే మెత్తని సూచనలు వేరే ఉన్నాయి: ఒక అడుగు పక్కకు జరగడం, ఒంటి ఈకలన్నీ అణచుకుని సన్నబడటం, మీ చేతిని ఒంటి కన్నుతో నిలకడగా చూడటం, తింటున్నది ఆపేయడం. ఇవి మొదటి మాటలు. వీటిని మనం గౌరవిస్తే చివరి మాట దాకా రావలసిన అవసరం దానికి ఉండదు.

ఒక్క జాగ్రత్త. ఏ ఒక్క గుర్తునూ విడిగా తీసుకుని అర్థం చెప్పకూడదు. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు సరిగ్గా ఈ నీలం–పసుపు మకావ్‌లనే గమనించి, అలవాటైన మనిషి తమను చూస్తూ మాట్లాడుతున్నప్పుడు వాటి చెంపల మీది తెల్లని చర్మం ఎర్రబారడం ఎక్కువగా కనిపించిందని ప్రచురించారు. తల మీది ఈకలు ఉబ్బడం కూడా ప్రశాంతంగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. అందుకే చెంప ఎర్రబడింది కాబట్టి కోపమని తేల్చేయకండి. ఒళ్లు వదులుగా ఉందా, బిగిసి ఉందా అన్నది ముందు చూడండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, కరిచిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగిందో రాయండి: ఎవరు వచ్చారు, అది ఎక్కడ కూర్చుని ఉంది, మీ చేతిలో ఏముంది, వేళ ఎంత. కొద్ది రోజుల్లోనే అదే చోటు, అదే వేళ, అదే మనిషి మళ్లీ మళ్లీ కనిపిస్తారు. మీ పని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

సమాధానం 2: గుంటూరు (పశువైద్యుడు, విశ్రాంత)

పై మిత్రులు చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే నా దృష్టిలో వరుస మారాలి. మెతకగా ఉన్న పక్షి స్వభావం కొన్ని వారాల్లో మారినప్పుడు ముందుగా వైద్య పరీక్ష జరగాలి, ఆ తర్వాతే ఈడు గురించి మాట్లాడుకోవాలి. నొప్పి ఉన్న పక్షి చేయి తగలనివ్వదు. పైగా పక్షులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పక్షి వేటగాడి కంట ముందు పడుతుంది కాబట్టి, చివరి దశ దాకా మామూలుగానే కనిపించడం వాటికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

మీరు రాసిన ఆహారం నాకు ఆందోళన కలిగిస్తోంది. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం చాలా తక్కువ. ఏళ్ల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాలేయంలో కొవ్వు పేరుకోవడం, నోటిలోను శ్వాసనాళాల్లోను పొర దెబ్బతిని తరచూ ఇన్‌ఫెక్షన్లు రావడం మామూలే. చిలుకల కోసం తయారుచేసే పెల్లెట్లను (గుళికల రూపంలోని తిండి) ఆహారంలో ప్రధాన భాగంగా చేసి, చిలగడదుంప, గుమ్మడి, క్యారట్, మునగాకు, తోటకూర వంటివి రోజూ ఇవ్వండి. మార్పు నెమ్మదిగా జరగాలి. కొత్త తిండి ముట్టని పక్షిని ఆకలికి మాడ్చి దారికి తేవాలనుకోవడం ప్రమాదం. అక్రోటు, బాదం మకావ్‌లకు మంచివే, కానీ గిన్నెలో పోసి పెట్టకుండా శిక్షణలో బహుమతిగా దాచుకోండి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్లు వద్దు. నాన్‌స్టిక్ పెనం అతిగా వేడెక్కితే వచ్చే వాయువు పక్షులను నిమిషాల్లో చంపగలదు. అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా వాటి శ్వాసకు మంచిది కాదు. కరవడంతో వీటికి నేరుగా సంబంధం లేకపోయినా, మకావ్ ఉన్న ఇంట్లో తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

వంటింటి డిజిటల్ తూకం మీద ఒక కొమ్మ అమర్చి, వారానికి ఒకసారి ఉదయం తిండికి ముందు తూచి గ్రాముల్లో రాసిపెట్టండి. తన మామూలు బరువులో పదో వంతు తగ్గితే ఆలస్యం చేయకూడదు. రెట్టలో మార్పు, పగటిపూట ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, శ్వాసతోపాటు తోక కిందికీ పైకీ ఊగడం అత్యవసర లక్షణాలు. కొత్త ఈకలు మొలుస్తున్నాయేమో కూడా చూడండి. మొలక ఈకలో రక్తం ఉంటుంది, అక్కడ చేయి తగిలితే నొప్పి పుడుతుంది. పంజరం జింకు పూత పూసిన చవకరకం తీగతో చేసినదైతే, దాన్ని కొరికే పక్షికి జింకు విషం ఎక్కే అవకాశం ఉంది. పాత రంగులు, సీసపు వస్తువులు కూడా అంతే. రక్తపరీక్ష, ఎక్స్‌రేతో ఇవి బయటపడతాయి. పక్షులను ప్రత్యేకంగా చూసే వైద్యుల దగ్గరికే వెళ్లండి. హైదరాబాద్‌లో మీకు అది కష్టం కాదు. ఆడా మగా తెలియకపోతే అదే రక్తంతో డీఎన్ఏ పరీక్ష కూడా చేయించండి. ఆడదై, గూటికోసం వెతుకుతుంటే గుడ్డు బయటికి రాకుండా లోపలే అడ్డుపడే ప్రమాదాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి. హార్మోన్లను అణచే ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ఇంట్లో మార్పులు చేయకుండా వాటితోనే నెట్టుకురాలేము.

మీ గాయం గురించి. పక్షుల వల్ల రేబిస్ రాదు, అది క్షీరదాల జబ్బు. అయితే లోతైన గాటును ధారగా పడే నీటి కింద సబ్బుతో బాగా కడగాలి, ధనుర్వాతం టీకా సంగతి చూసుకోవాలి, కీలు దగ్గర వాపు, ఎరుపు పెరిగితే వెంటనే డాక్టరుకు చూపాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు పట్టుకుంటే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు తప్పక చెప్పండి. చిలుకల నుంచి సిట్టకోసిస్ అనే జబ్బు మనుషులకు సోకుతుంది, ఆ ఒక్క మాట వైద్యాన్ని సరైన దారిలో పెడుతుంది.

ఇచ్చేయడం గురించి ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత, ఈ మకావ్ వంటి విదేశీ జాతులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి పక్షి ఉన్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, చేతులు మారినా తెలియజేయాలి. మీ నమోదు పత్రాలు సరిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. అంతకంటే ముఖ్యంగా, కరిచే పక్షిగా ఇల్లు మారినది మరో ఇల్లు, ఆపైన మరో ఇల్లు మారుతుంది. యాభై ఏళ్లు బతకగల ప్రాణి అది. అన్ని ప్రయత్నాలూ అయ్యాకే ఆ ఆలోచన చేయండి.

సమాధానం 3: కరీంనగర్

పెద్దలు చెప్పినవి బాగున్నాయి. కానీ ఇంట్లో ఆడపిల్ల భయపడుతుంటే వారాల తరబడి నోటుపుస్తకం రాస్తూ కూర్చోవడం నాకు సరైనదిగా అనిపించడం లేదు. మా దగ్గర పెద్ద చిలుకలు పెంచేవారు చేసే పద్ధతి వేరు. తోలు తొడుగు వేసుకుని చేయి పెట్టాలి, కరిచినా వెనక్కి తీయకూడదు. వెనక్కి తీస్తే తానే గెలిచానని దానికి అర్థమవుతుంది. చేతి మీద ఉండి కరిస్తే చేతిని ఒక్కసారి కిందికి దించాలి, పట్టు తప్పిన భయంతో కరవడం మానేస్తుంది. రెక్క ఈకలు కత్తిరిస్తే మనిషి మీద ఆధారపడటం నేర్చుకుంటుంది. ఇంటి యజమాని ఎవరో దానికి తెలియాలి.

సమాధానం 4: డాలస్, అమెరికా

కరీంనగర్ మిత్రులు పిల్ల భద్రత గురించి అన్నమాట పూర్తిగా సరైనది. పక్షి బయట ఉన్న వేళల్లో అమ్మాయి వేరే గదిలో ఉండటం, లేదా అమ్మాయి హాల్లో ఉన్నప్పుడు పక్షి పంజరంలో ఉండటం ఈరోజు నుంచే మొదలు కావాలి. అయితే మిగిలిన పద్ధతులతో నేను విభేదిస్తున్నాను, కారణాలు కూడా చెబుతాను.

తొడుగు వేసుకుని, కరిచినా చేయి తీయకుండా నిలబడితే కొన్ని పక్షులు నిజంగానే కరవడం ఆపేస్తాయి. కానీ ఆ పక్షి నేర్చుకున్నది మన పెద్దరికం కాదు, తాను ఎంత చెప్పినా మనిషి వినడన్న సంగతి. అప్పుడది మెత్తని హెచ్చరికలు ఇవ్వడం మానేస్తుంది, తర్వాత ఎప్పుడో ఒకరోజు తొడుగు లేని చేతిని నేరుగా ఎముక దాకా కరుస్తుంది. చేతిని కిందికి దించడం కూడా అంతే. చేయి అంటే పడిపోయే చోటని తెలిసిన పక్షి ఎక్కేముందు ముక్కుతో గట్టిగా పట్టుకుంటుంది, ఆ పట్టును మనం కాటు అనుకుంటాం. అసలు చిలుకకు ముక్కు మూడో కాలు వంటిది. కొమ్మ గట్టిగా ఉందో లేదో చూసుకోవడానికి ముందు దాన్నే ఆనిస్తుంది. ఆ సమయంలో చేయి లాగేయకుండా నిలకడగా ఉంచడం మాత్రం అవసరమే.

రెక్కల విషయం. భయపడిన పక్షికి రెండే దారులు ఉంటాయి: ఎగిరిపోవడం, లేదా ఎదిరించడం. ఈకలు కత్తిరించి మొదటి దారి మూసేస్తే మిగిలేది రెండోదే. బరువైన పక్షి కాబట్టి ఎగరబోయి నేలమీద పడితే ఎదురురొమ్ము ఎముక దగ్గర చర్మం చిట్లే ప్రమాదం కూడా ఉంది. జోడీ తెచ్చినా మీ సమస్య తీరదు. రెండూ కలవకపోతే ఒకదానినొకటి గాయపరుచుకుంటాయి. కలిస్తే గూడు కాపాడే పక్షులు రెండవుతాయి, వాటికి మీ వారే కాదు, మీరూ పరాయివారే అవుతారు.

ఇక ఏం చేయాలి? టార్గెట్ శిక్షణ, అంటే పుల్ల చివరను ముక్కుతో తాకడం నేర్పడం, మొదలుపెట్టండి. దీనికి కావలసినది ఒక చాప్‌స్టిక్, సన్నగా తరిగిన బాదం ముక్కలు, పొడవు కాడ ఉన్న స్టీలు గరిటె. పక్షి పంజరంలోనే ఉంటుంది, మీరు బయట ఉంటారు. పుల్ల చివరను కడ్డీల సందులోంచి దాని ముక్కుకు కొంచెం దూరంలో పెట్టండి. ఏమిటో చూద్దామని అది ముక్కు ఆనించిన ఆ క్షణంలోనే ‘శభాష్’ అనండి, వెంటనే గరిటెతో బాదం ముక్క అందించండి. మాట ఎప్పుడూ ఒకటే ఉండాలి, ముక్కు తగిలిన క్షణానికే రావాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి తెలియదు. పుల్లను లాక్కుని నమలబోతే ముక్కు తగిలేలోపే మెచ్చుకుని, తగలగానే పుల్ల వెనక్కి తీయండి. ఒక్కో విడత మూడు నాలుగు నిమిషాలకు మించకూడదు. అది ఇంకా ఆడాలనుకుంటున్నప్పుడే ఆపేయండి. పొద్దున తిండికి ముందు దానికి ఆసక్తి ఎక్కువగా ఉంటుంది.

పుల్ల వెంట అటూ ఇటూ నడవడం వచ్చాక, స్టాండు మీదికి నడిపించండి. ఆ తర్వాత ఒక చేతి కర్ర మీదికి ‘ఎక్కు’ అనే మాటతో ఎక్కించండి. చేతి మీదికి ఎక్కించడం చాలా తర్వాతి సంగతి. ఎక్కకపోతే బలవంతం వద్దు, ‘సరే’ అని పక్కకు వెళ్లిపోండి. వద్దు అనడానికి అనుమతి ఉన్న పక్షి సరే అనడం ఎక్కువవుతుంది. ఇది నేను చాలా పక్షుల్లో చూశాను. కరిస్తే అరవకండి, మాట్లాడకండి, దగ్గరలో ఉన్న కుర్చీ వీపు మీదికి నెమ్మదిగా దించి కొద్ది క్షణాలు వెనక్కి తిరగండి. మన కేక మకావ్‌కు సందడిగా అనిపిస్తుంది, మళ్లీ వినాలనిపిస్తుంది.

మీ వారి పాత్ర వేరే ఉంది. ఆయన కొన్ని వారాలపాటు దాన్ని ముట్టుకోవడానికి ప్రయత్నించనే కూడదు. గదిలోకి వచ్చినప్పుడు అది బిగుసుకోని దూరంలోనే ఆగి, గరిటెతో ఒక అక్రోటు ముక్క బయటి గిన్నెలో వేసి వెళ్లిపోవాలి. దానికి అన్నిటికంటే ఇష్టమైన తిండి ఇకమీదట ఆయన చేతి నుంచే రావాలి. మీరు అది ఇవ్వడం మానేయాలి. ఆ దూరం రోజు రోజుకూ కొంచెం కొంచెం తగ్గుతుంది. బిగుసుకుంటే మళ్లీ వెనక్కి.

ఇంకొక్కటి. ముక్కుకు రోజంతా పని ఉండాలి. ఎండు కొబ్బరి బొండాం పీచు, మొక్కజొన్న కండె, జామ, వేప కొమ్మలు, లోపల గింజ దాచిన కాగితపు పొట్లాలు ఇవ్వండి. అడవిలో తిండి వెతుక్కోవడానికే దాని పగలు చాలావరకు గడిచిపోయేది. నింపిన గిన్నె ముందు కూర్చున్న పక్షికి మిగిలిన పగలంతా గూడు కాపాడుకోవడమే పని.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పక్షుల వైద్యులకు చూపించాము. రక్తపరీక్షలో జింకు, సీసం వంటి భారలోహాల జాడ లేదు, కాలేయం మీద కొంత ఒత్తిడి ఉందని ఆహారం మార్చమన్నారు. మా పక్షి మగది అని తేలింది. బీరువాకు తాళం వేశాము, పడక వేరే గదికి మార్చాము. మొదట్లో సాయంత్రాలు గట్టిగా అరిచేది, ఇప్పుడు గదిలోకి తీసుకువెళ్లగానే తనంతట తానే కొమ్మ ఎక్కుతోంది. మా వారు గిన్నెలో అక్రోటు వేస్తుంటే మెడ చాచడం తగ్గింది, ఆయన వెళ్లిపోయేదాకా ఆగి తీసుకుంటోంది. పుల్ల ముట్టుకోవడం మా అమ్మాయే నేర్పింది, కడ్డీల బయటి నుంచి. ఆ పిల్ల ముఖంలో భయం పోవడం చూసి నాకు చాలా ధైర్యం వచ్చింది.

మిగిలిన ఇబ్బంది పంజరం గిన్నెలు మార్చడం. చేయి లోపల పెట్టగానే ఇప్పటికీ దూకుతోంది. అది బయట ఉన్నప్పుడు మార్చుదామన్నా పంజరం పైకప్పు మీదికి ఎక్కి అక్కడి నుంచి చేతి మీదికి వంగుతోంది. దీనికి ఏమైనా మార్గం ఉందా?

సమాధానం: డాలస్

చాలా సంతోషం. ఈడుకు వచ్చిన పక్షి కాబట్టి పంజరాన్ని తన హద్దుగా కాపాడుకోవడం కొంతకాలం ఉండవచ్చు. దానితో పోటీ పడకుండా పని జరిగేలా చూడండి. వీలైతే గిన్నెలు బయటికి తిరిగే చిన్న తలుపులున్న పంజరం తీసుకోండి, లేదా ఉన్న పంజరానికే అలాంటి తలుపు చేయించండి. స్టెయిన్‌లెస్ స్టీలుతోనే చేయించండి, జింకు పూత వద్దు. చేయి లోపలికి వెళ్లవలసిన అవసరమే లేకపోతే సగం గొడవ తగ్గుతుంది.

పైకప్పు సమస్యకు స్టాండు ఉపయోగపడుతుంది. పంజరానికి కనీసం గది సగం దూరంలో స్టాండు పెట్టి, పుల్లతో అక్కడికి రప్పించి, అక్కడ నిలబడి ఉన్నంతసేపూ చిన్న చిన్న ముక్కలు ఇస్తూ ఉండండి. మొదట్లో ఒకరు స్టాండు దగ్గర ఉండి ముక్కలు ఇవ్వాలి, మరొకరు పంజరం దగ్గరికి వెళ్లి ఏమీ ముట్టుకోకుండా తిరిగి రావాలి. అది కదలకుండా ఉంటే తర్వాతిసారి తలుపు తెరిచి మూయండి, ఆ తర్వాత ఖాళీ గిన్నె తీయండి, చివరికి నింపిన గిన్నె పెట్టండి. మధ్యలో ఎగిరి పంజరం మీదికి వస్తే ఆ పని అక్కడే ఆపి, చేయి బయటికి తీసి, దూరం జరగండి. మరుసటి విడత అంతకుముందు మెట్టు నుంచి మొదలుపెట్టండి. ఇంట్లో ఒక్కరే ఉన్న రోజున ఈ ప్రయత్నం చేయకండి. ఆ రోజుకు దాన్ని పడక గది పంజరంలో ఉంచి, తలుపు గడియ పడిందని చూసుకున్నాకే హాల్లోని గిన్నెలు తీయండి.